ఇంట్లో మట్టి గూళ్లు కట్టే నల్ల కందిరీగ: లోపల సాలీళ్లను ఎందుకు దాస్తోంది, గూడు తీయాలా వద్దా?

హన్మకొండ మిద్దెతోట:

అందరికీ నమస్తే. మాది హన్మకొండలో పాత ఇల్లు, ముందు పెంకుల వసారా, వెనక తర్వాత వేసిన స్లాబ్ గదులు. వసారా దూలానికి, దర్వాజా పైన, గోడకున్న ఫొటోల వెనక కూడా ఒక కందిరీగ మట్టి గూళ్లు కడుతోంది. ఒళ్లు నలుపు, కాళ్ల మీద పసుపు, నడుము మరీ సన్నగా రెండు ముక్కలను పుల్లతో కలిపినట్టు ఉంటుంది. కూలర్ కింద నీళ్లు కారే చోట తడి మట్టిని ఉండ చేసి నోట కరుచుకుని వస్తుంది. గోడకు మెత్తుతున్నంతసేపూ గుయ్యిమని ఒక సన్నని మోత, ఉండ అయిపోగానే మోత ఆగిపోతుంది. ఎండపొద్దంతా ఇదే పని.

మా అత్తమ్మ గూడు ముట్టనివ్వరు. ఇంట్లో కందిరీగ గూడు పెడితే ఆ ఇంట్లో కాన్పు అవుతుందని వాళ్ల నమ్మకం, మా ఆడపడుచుకు ఇప్పుడు ఐదో నెల, కాబట్టి ఇక అసలు ఆ వైపు చీపురు కూడా పోనివ్వట్లేదు. మా ఆయన మాత్రం దులిపేద్దాం అంటున్నారు. నా టెన్షన్ అంతా పిల్లవాడి గురించే, నాలుగేళ్లు, వసారాలోనే ఆడుకుంటాడు, కుడితే ఎట్లా అని.

మొన్న ఫొటో తీసి తుడుస్తుంటే ఒక గూడు ఊడి కింద పడి పగిలింది. లోపల అన్నీ సాలీళ్లే! చిన్నవీ పెద్దవీ కుక్కి పెట్టి ఉన్నాయి. కదలవు, కానీ కుళ్లలేదు, ఎండిపోలేదు, వాసన కూడా లేదు. పుల్లతో ముట్టుకుంటే ఒకదాని కాలు కొంచెం వణికింది. ఇంకోదాని పొట్ట మీద తెల్లగా, పొడుగ్గా ఒక చిన్న గుడ్డు లాంటిది అంటుకుని ఉంది. అవి చచ్చినవా, బతికున్నవా? గూడు మూసేశాక తల్లి మళ్లీ దాని దగ్గరికి వచ్చినట్టు నేను చూడలేదు, మరి పిల్లకు తిండి ఎవరు పెడతారు? గుంపు లేకుండా ఒక్కటే ఎందుకు తిరుగుతుంది? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. మందు కొట్టమని మాత్రం చెప్పకండి, పిల్లవాడు ఉన్న చోట అది నాకు ఇష్టం లేదు.

కాజీపేట జువాలజీ:

అక్కా, మీరు రాసిన గుర్తులను బట్టి అది సెలిఫ్రాన్ అనే రకం. మన వైపు ఇళ్లల్లో మామూలుగా కనిపించేది సెలిఫ్రాన్ మద్రాస్పటానమ్, ఫాబ్రిషియస్ అనే శాస్త్రవేత్త 1781లోనే దాన్ని వర్ణించి పెట్టాడు. నేను జువాలజీ చెప్తాను, ఈ కందిరీగలంటే నాకు చాలా ఇష్టం, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ముందు గుంపు సంగతి. ఇది ఒంటరి కందిరీగ. రాణి, కూలీలు, కాపలా ఏమీ ఉండవు. ప్రతి ఆడ కందిరీగ తన గూడు తనే కడుతుంది, వేట తనే చేస్తుంది, గుడ్లు తనే పెడుతుంది. మగది గూడు కట్టదు, వేటాడదు, దానికి ముల్లు కూడా ఉండదు, ఎందుకంటే ఆ ముల్లు అసలు గుడ్లు పెట్టే అవయవం మారి వచ్చిందే. కందిరీగ అనగానే మనకు తేనెతుట్టె లాంటి గుంపు గుర్తొస్తుంది గానీ ప్రపంచంలో ఉన్న కందిరీగ జాతుల్లో ఎక్కువ శాతం ఇలా ఒంటరిగా బతికేవే.

గూడు కట్టే పద్ధతి మీరే సగం చెప్పారు. ఒక గొట్టం లాంటి గది కడుతుంది, ఒక వైపు తెరిచి ఉంచుతుంది. ఆ తర్వాత మట్టి పని ఆపేసి వేటకు పోతుంది. గుండ్రని వలలు అల్లే సాలీళ్లు, పూల మీద పొంచి ఉండేవి, గోడల మీద గెంతేవి, దొరికినదాన్ని పట్టుకుని రొమ్ము కింద కుడుతుంది. సాలీడు కాళ్లను ఆడించే నరాల ముడి అక్కడే ఉంటుంది, విషం అక్కడికి చేరగానే ఒళ్లు పడిపోతుంది. గుండె ఆడుతూనే ఉంటుంది, ప్రాణం ఉంటుంది, కదలిక మాత్రం పోతుంది. మీ పుల్ల తగిలి వణికిన కాలు అదే. పూర్తిగా చంపేస్తే మన ఎండలకు రెండు రోజుల్లో కుళ్లో, ఎండో పోతుంది, అప్పుడు పిల్లకు తినడానికి ఏమీ మిగలదు. ఇట్లా సాలీడు ప్రాణంతో ఉన్నంతకాలం మాంసం తాజాగా ఉంటుంది. అన్నీ ఇంత పక్కాగా జరుగుతాయని మాత్రం అనుకోవద్దు. అమెరికాలో ఒంటరి కందిరీగలను పరిశీలించిన పెకమ్ దంపతులు 19వ శతాబ్దం చివర్లో ఇలాంటి గూళ్లు చాలా విప్పి చూస్తే కొన్నింట్లో ఎర నిజంగానే చచ్చి ఉంది, అయినా పిల్ల దాన్ని తిని పెరిగింది.

ఒక్కో గదిలో పది, పదిహేను, సాలీళ్లు మరీ చిన్నవైతే ఇరవై దాటి కూడా పెడుతుంది. మొదట్లో పెట్టిన ఒకదాని పొట్ట మీద ఒకే ఒక్క గుడ్డు. మీరు చూసిన తెల్లటిది అదే. గది నిండాక మట్టితో మూసేసి దాని పక్కనే ఇంకో గది మొదలుపెడుతుంది. కొన్ని గదులయ్యాక అన్నిటి మీదా కలిపి మందంగా మట్టి పూస్తుంది, అప్పుడు బయటి నుంచి చూస్తే గోడకు ఎవరో మట్టి ముద్ద విసిరినట్టే ఉంటుంది, లోపల గదులున్నాయని తెలియదు.

ఆ తర్వాత తల్లి ఆ పిల్లను ఎప్పుడూ చూడదు. రోజూ తెచ్చి తినిపించదు, పెరిగేందుకు కావలసింది మొత్తం ముందే పెట్టి వెళ్లిపోతుంది. గుడ్డు రెండు మూడు రోజుల్లో పగులుతుంది, పురుగు తనున్న సాలీడుతోనే తినడం మొదలుపెట్టి ఒకదాని తర్వాత ఒకటి అన్నీ పూర్తి చేస్తుంది. తిండి అయిపోయాక గోధుమరంగు పల్చటి గూడు అల్లుకుని అందులో మారుతుంది. ఎండాకాలం, వానాకాలంలో అయితే గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి నెల అటూ ఇటూగా రెక్కల కందిరీగ మట్టి కొరుక్కుని బయటకు వస్తుంది. చలికాలం ముందు మూసినవి నెలల తరబడి అలాగే లోపల ఉండిపోవచ్చు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. సాలీళ్లు పట్టే ఆ పెద్ద కందిరీగకు సాలీడు తిండి కాదు! అది పూల తేనె తాగి బతుకుతుంది, మహా అయితే పట్టిన సాలీడు ఒంట్లోంచి కారే రసం నాకుతుంది. మాంసం అంతా పిల్లకే.

పిల్లవాడి గురించి: ఇది గూడు దగ్గరికి వచ్చినవాళ్ల మీద పడి కుట్టే రకం కాదు. గుప్పిట్లో పట్టి నలిపితేనో, కాలి కింద పడితేనో కుడుతుంది. మీ బాబుకు చేత్తో పట్టొద్దని చెప్తే చాలు. ఎవరికైనా తేనెటీగ కుట్టినప్పుడు ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం లాంటివి వచ్చి ఉంటే మాత్రం వాళ్లు దూరంగా ఉండాలి, కుడితే వెంటనే ఆస్పత్రికి పోవాలి. ఇంట్లో కాగితం లాంటి పదార్థంతో, ఆరు మూలల గదులు కిందికి తెరిచి ఉన్న గూడు వేలాడుతుంటే అది వేరే సంగతి. అది గుంపు కందిరీగలది, గూటిని కదిపితే కలిసి మీద పడతాయి. దాన్నీ దీన్నీ ఒకటి అనుకోకండి.

తీయాలా అంటే, దూలం మీదవి ఉండనివ్వండి అని నా మాట. గుండ్రటి పొక్కలు పడిన గూడు ఖాళీ అయినట్టు, దాన్ని అట్లకాడతో గీకేయొచ్చు. పొక్క లేని గూట్లో పిల్ల ఉంది.

చెల్క రైతు, నర్సంపేట:

సార్ చెప్పింది బాగుంది. మా చెల్క దగ్గర ఇంకో రకం ఉంటుంది, దాని గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే రైతుకు అసలు లాభం దానితోనే. అది ఎర్రగా, నడుము సన్నగా, మీ నల్లదానికన్నా లావుగా ఉంటుంది. గొట్టం కట్టదు, మూతి ఉన్న చిన్న కుండ కడుతుంది. మిరప తోటలో పాతిన కర్రలకు, బోరు స్టార్టర్ డబ్బాకు, బండరాళ్ల సందుల్లో చాలా చూశాను. ఇది సాలీళ్ల జోలికి పోదు, పురుగులు పట్టుకొస్తుంది. మక్క చేన్ల ఆకు సుడిలోంచి పురుగును లాగి కరుచుకుపోతుంటే నిలబడి చూశాను, అది దానికన్నా బరువున్నట్టుంది, నేల మీద ఆగి ఆగి పోయింది.

ఇంకొకటి గమనించాను. అక్కగారి కందిరీగ తడి మట్టి దగ్గరికి పోతుంది అన్నారు కదా, ఇది అట్లా కాదు. కాలువలో నీళ్లు తాగి, ఎండిన ఒడ్డు మీద వాలి, కక్కి అక్కడికక్కడే మట్టి తడిపి ఉండ చేస్తుంది. ఎర్ర చెల్క పక్కన కట్టిన కుండ ఎర్రగా, రేగడి పక్కన కట్టింది నల్లగా ఉంటుంది, గూడు చూసి మట్టి ఎక్కడిదో చెప్పొచ్చు.

2018 తర్వాత మక్కల్లో కత్తెర పురుగు వచ్చినప్పటి నుంచి ఇలాంటివాటి మీద నాకు పట్టింపు పెరిగింది. అవసరం లేకుండా మందు కొట్టిన ప్రతిసారీ ముందు చచ్చేది ఇవే. పురుగు మళ్లీ పుడుతుంది, ఇవి అంత తొందరగా పుట్టవు, ఒక్కో తల్లి పెట్టే గుడ్లే తక్కువ. అయితే ఇవి ఉంటే మందే అక్కర్లేదని నేను చెప్పను. 2021లో మిరపకు నల్ల తామర పురుగు వచ్చి వరంగల్ జిల్లా అంతా తోటలు పోయాయి, ఈ కుండ కందిరీగలు తామర పురుగుల వైపు చూడను కూడా చూడవు. పెద్ద పచ్చ పురుగు, లద్దె పురుగు లాంటివాటికే ఇవి.

కాజీపేట జువాలజీ:

రైతన్నా, నీళ్లు తెచ్చి ఎండు మట్టిని తడపడం మీరు గమనించారు చూడండి, అది నిజంగా ఈ రెండు రకాలకూ ఉన్న పెద్ద తేడా. కుండ కట్టేవాటిని డెల్టా, యూమెనిస్ అంటారు, మీరు చెప్పిన ఎర్రది డెల్టా రకమే అయ్యుండాలి.

వీటి గుడ్డు సంగతి ఇంకా విచిత్రం. నల్లది సాలీడును తెచ్చాక దాని మీద గుడ్డు అంటిస్తుంది కదా, ఇది తిరగేసి చేస్తుంది. ఖాళీ కుండలో, పై కప్పు నుంచి ఒక సన్నని పోగుకు గుడ్డును వేలాడదీసి, ఆ తర్వాత పురుగులను తెచ్చి కింద నింపుతుంది. ఎందుకంటే ఈ పురుగులు సాలీళ్లంతగా పడిపోవు, సగమే పడిపోతాయి, మెలికలు తిరుగుతాయి, దవడలు ఆడిస్తాయి. గుడ్డు వాటి మధ్యలో ఉంటే నలిగిపోతుంది. ఫ్రాన్స్‌లో జాన్ హెన్రీ ఫాబ్ర్ అనే పురుగుల శాస్త్రవేత్త ఆ కుండలకు పక్క నుంచి కన్నం చేసి చూసి ఇది వివరించాడు. పిల్ల బయటకు వచ్చాక కూడా కొంతసేపు పైనుంచే వేలాడుతూ కింది పురుగును కొరుకుతుంది, అది కదిలితే పైకి జరిగిపోతుంది.

ఈ కందిరీగల్లో గుడ్డుకు మగ కణం కలిస్తే ఆడది, కలవకపోతే మగది పుడుతుంది, ఏది పెట్టాలో తల్లి చేతిలోనే ఉంటుంది. ఆడపిల్ల పెట్టే గదిలో ఎక్కువ తిండి పెడుతుంది, ఎందుకంటే ఆడది పెద్దగా పెరగాలి, రేపు మట్టి మోయాల్సింది, ఎర మోయాల్సింది అదే.

పరకాల మోటార్ వైండింగ్:

అందరూ మంచిదే అంటున్నారు గానీ నా అనుభవం కూడా వినండి. నేను మోటార్లు, వైరింగ్ చేస్తాను. ఈ గూళ్లతో వచ్చే ఇబ్బంది తక్కువేం కాదు. కొద్ది రోజులు వాడని ప్లగ్ సాకెట్ పొక్కలు, తాళం కప్పల పొక్కలు, గ్యాస్ పొయ్యి బర్నర్ పైపు, డ్రిప్ పైపు చివర, ట్రాక్టర్ గొట్టాలు, ఎక్కడ పెన్సిలంత పొక్క కనిపిస్తే అక్కడ కొన్ని రకాలు మట్టి పెట్టేస్తాయి. సాకెట్‌లో మట్టి ఉన్నప్పుడు బలంగా ప్లగ్ తోస్తే లోపల కనెక్షన్ సరిగ్గా ఆనక నిప్పురవ్వలు వస్తాయి. అక్కా, మీ వసారాలో వాడని సాకెట్లుంటే ముందు అవి చూడండి. మెయిన్ ఆఫ్ చేయకుండా మాత్రం పుల్లతోనో, సూదితోనో కెలకొద్దు. మెయిన్ ఆఫ్ చేసి, టెస్టర్‌తో చూసుకుని, పలక విప్పి తుడవాలి.

ఇది చిన్న విషయం కాదని ఎందుకంటున్నానంటే, 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లో బర్జెన్ ఎయిర్ వాళ్ల బోయింగ్ 757 విమానం సముద్రంలో పడి 189 మంది చనిపోయారు. విమానం వేగం కొలిచే పిటోట్ గొట్టం మూసుకుపోయి పైలట్లకు తప్పు వేగం చూపించింది. ఆ గొట్టం దొరకలేదు, కానీ విమానం చాలా రోజులు ఎగరకుండా నిలిచి ఉంది, గొట్టానికి కొంతకాలం కవర్ కూడా లేదు, అక్కడ ఇలాంటి మట్టి కందిరీగలు మామూలు, అందుకే అవే గూడు పెట్టి ఉంటాయని దర్యాప్తులో అనుమానించారు. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ విమానాశ్రయంలో కూడా ఇంకో రకం కందిరీగ ఇదే పని చేస్తుంటే, అక్కడివాళ్లు త్రీడీ ప్రింటర్‌తో ఉత్తుత్తి గొట్టాలు చేసి పెట్టి ఏ సైజు పొక్కలో గూడు పెడుతుందో పరీక్షించారు. కాబట్టి కందిరీగను చంపమని నేను అనట్లేదు, పొక్కలు మూయండి అంటున్నాను.

పాత మట్టెవాడ:

నాకు వేరే సందేహం. చిన్నప్పుడు మా ఇంట్లో పురాణం చదివేవారు, అందులో భ్రమర కీటక న్యాయం అని వచ్చేది. భ్రమరం ఒక పురుగును తెచ్చి గోడలో గూట్లో పెడుతుంది, చుట్టూ ఝుంకారం చేస్తుంది, ఆ పురుగు భయంతో దాన్నే తలుచుకుంటూ తలుచుకుంటూ చివరికి తనే భ్రమరం అయి బయటకు వస్తుంది. మనిషి కూడా దేన్ని ఎడతెగక తలిస్తే అదే అవుతాడు అని దాని తాత్పర్యం. అవధూత చెప్పిన 24 గురువుల్లో చివరిది ఇదే. ఇన్నాళ్లూ భ్రమరం అంటే తుమ్మెద అనుకున్నాను. మీరందరూ రాసింది చదువుతుంటే ఇది ఈ కందిరీగ గురించే కదా అనిపిస్తోంది. మరి పెద్దలు చెప్పింది తప్పా?

కాజీపేట జువాలజీ:

మీరు ఈ సంగతి తెచ్చినందుకు చాలా సంతోషం, ఇది క్లాసులో కూడా చెప్తాను నేను. అవును, ఇది మట్టి గూడు కందిరీగ గురించే. ఆ కథలో ఎంత సరిగ్గా చూశారో గమనించండి: గోడ, మట్టి గూడు, బయటి నుంచి తెచ్చిన పురుగు, మూసేయడం, ఆ ఝుంకారం, చివరికి అదే గూట్లోంచి రెక్కల కందిరీగ రావడం. అన్నీ నిజంగా జరిగేవే. ఝుంకారం కూడా నిజం, అక్కగారు విన్న మోత అదే, మట్టిని మెత్తేటప్పుడు రెక్కల కండరాలను అదిరిస్తుంది, ఆ అదురుకు తడి మట్టి సాగి అతుక్కుంటుంది. వాళ్లకు కనిపించనిది ఒక్కటే, గుడ్డు. అంత చిన్నది, మూసిన గది లోపల. గుడ్డు కనిపించకపోతే, లోపలికి పోయింది పురుగు, బయటకు వచ్చింది కందిరీగ, కాబట్టి పురుగే మారింది అనుకోవడం సహజం. ఆ న్యాయం చెప్పినవాళ్లు మనసు గురించి చెప్పారు, అది ఆ దారిలో నిలబడుతుంది. పురుగు మాత్రం మారదు, దాన్ని తిని కందిరీగ పిల్ల పెరుగుతుంది. రెండూ పిల్లలకు కలిపి చెప్తే వాళ్లు గూడు వైపు ఇంకా శ్రద్ధగా చూస్తారని నా నమ్మకం.

హన్మకొండ మిద్దెతోట:

అందరికీ చాలా థాంక్స్. సాకెట్లు ఇవాళే చూపిస్తాను, ఒకదాంట్లో నిజంగానే మట్టి ఉంది. ఇంకో మూడు అడగాలి. ఒకటి, ఫొటో తీసిన చోట ఆ కందిరీగ మళ్లీ వచ్చి ఖాళీ గోడ మీద కూడా మట్టి పూస్తోంది, గూడే లేదు కదా, ఎందుకు? రెండు, మెరిసే ఆకుపచ్చ కందిరీగ ఒకటి గూళ్ల మీద వాలి ఏదో వెతుకుతోంది, అది కూడా వీటి జాతేనా? అట్లాంటిదే ఒకటి బాత్రూంలో బొద్దింకను మీసం పట్టుకుని నడిపించుకుపోతుంటే చూసి భయమేసింది. మూడు, సాలీళ్లు దోమలను తింటాయి కదా, ఇవి సాలీళ్లను ఖాళీ చేస్తే ఇంట్లో దోమలు పెరగవా?

కాజీపేట జువాలజీ:

మొదటిది: ఇదే పరీక్ష ఫాబ్ర్ కావాలనే చేశాడు. గూడు గోడ మీది నుంచి తీసేస్తే కందిరీగ వచ్చి, గూడు ఉండాల్సిన ఖాళీ చోటనే మట్టి పూసింది. గదిలోంచి సాలీళ్లను, గుడ్డును తీసేస్తే కొత్తవి తెస్తూ పోయి, చివరికి ఏమీ లేని గదిని మూసి వెళ్లింది. పని ఒక వరుసలో నడుస్తుంది, ఒక దశ అయ్యాక వెనక్కి పోయి సరిచూసుకోదు. చోటును మాత్రం బాగా గుర్తుపెట్టుకుంటుంది. నెదర్లాండ్స్‌లో టిన్‌బర్గెన్, జంతువుల ప్రవర్తన మీద పనిచేసిన శాస్త్రవేత్త, తర్వాత 1973లో నోబెల్ వచ్చింది ఆయనకు, ఇసుకలో పొక్క తవ్వి తేనెటీగలను వేటాడే ఒక కందిరీగ గూటి చుట్టూ పైన్ చెట్టు కాయలు పేర్చాడు. అది వేటకు పోయాక కాయలను పక్కకు జరిపితే, తిరిగొచ్చి కాయల మధ్యే వెతికింది, తన పొక్క పక్కనే ఉన్నా కనుక్కోలేకపోయింది. మీ దానికి ఆ ఫొటో, ఆ మేకు గుర్తులు అయ్యుంటాయి. ఫొటో తిరిగి పెట్టినా ఆ పగిలిన గూడు రాదు, దానికది కొత్త చోట మొదలుపెట్టుకుంటుంది, బాధపడకండి.

రెండోది: ఆ రెండు ఆకుపచ్చవీ వేర్వేరు. గూళ్ల మీద తిరిగేది స్టిల్బమ్ అనే కోకిల కందిరీగ అయ్యుంటుంది. తను గూడు కట్టదు, వేటాడదు. మూసిన గూటి మట్టికి కన్నం చేసి తన గుడ్డు లోపల పెట్టేస్తుంది, దాని పిల్ల అసలు పిల్లను తినేస్తుంది. మీద పడితే ఉండలా చుట్టుకుపోతుంది, ఒళ్లు గట్టిగా ఉంటుంది కాబట్టి ఎవరి ముల్లూ దిగదు. మనుషులకు ఏ ప్రమాదమూ లేదు.

బొద్దింకను నడిపించుకుపోయేది యాంప్యులెక్స్ కంప్రెస్సా. దాని గురించి చదివిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యమే. ముందు బొద్దింక రొమ్ములో కుడుతుంది, ముందు కాళ్లు కాసేపు పడిపోతాయి. అది కదలలేని ఆ కాసేపట్లో మెడ దగ్గర నుంచి నేరుగా తలలోని నరాల ముడిలోకి రెండో పోటు. ఆ తర్వాత బొద్దింక నడవగలదు, కానీ తనంతట తాను పారిపోవాలని ప్రయత్నించదు. ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ విశ్వవిద్యాలయంలో ఈ విషం మెదడు మీద ఎలా పనిచేస్తుందో చాలా ఏళ్లుగా పరిశోధించారు. కందిరీగ దాని మీసాలను సగానికి కొరికి, కారిన రసం తాగి, మిగిలిన మీసం ముక్క పట్టుకుని తన పొక్కకు నడిపిస్తుంది, కాలి మొదట్లో ఒక గుడ్డు పెట్టి, పొక్క నోటికి చిన్న రాళ్లు అడ్డం పెడుతుంది. పిల్ల పుట్టి మొదట బయటి నుంచి తిని, తర్వాత బొద్దింక లోపలికి దూరి, అక్కడే పెరిగి రెక్కలతో వస్తుంది. బొద్దింకల కోసం 1941లో దీన్ని హవాయికి కూడా తీసుకెళ్లి వదిలారు, కానీ ఒక్కోటి పట్టేది కొన్నే కాబట్టి ఇళ్లల్లో బొద్దింకలు పోలేదు. బాత్రూంలో కనిపిస్తే దాని దారిన పోనివ్వండి.

మూడోది: ఒక తల్లి కొన్ని గదులకు తెచ్చే సాలీళ్లు మన పెరడు, చుట్టుపక్కల చెట్లలో ఉన్న సాలీళ్లలో చాలా చిన్న వంతు. కొన్ని సాలీళ్లు ఒక్క సంచిలోనే వందల గుడ్లు పెడతాయి. పైగా దోమలు పెరిగేది కూలర్ నీళ్లల్లో, పూల కుండీల కింది పళ్లాల్లో. వారానికోసారి అవి పారబోసి ఆరబెట్టండి, దోమల సంగతి అక్కడ తేలుతుంది.

పాత గూళ్లు గీకేటప్పుడు ఒక జాగ్రత్త. పొక్కలు పడినవి ఖాళీ అన్నాను కదా, కానీ కాలిబియాన్ బెంగాలెన్స్ అనే నీలిరంగు కందిరీగ అలాంటి పాత పొక్కల్లోనే మళ్లీ సాలీళ్లు నింపి మూస్తుంది, అది కొత్త గది కట్టదు. పొక్క మూతి మీద కొత్త మట్టి కనిపిస్తే అందులో ఇంకో పిల్ల ఉన్నట్టే.

పాత మట్టెవాడ:

ఒక మాట. మా కాలంలో పిల్లలకు చెంపలు వాస్తే ఈ గూటి మట్టి అరగదీసి పట్టు వేసేవాళ్లు. అత్తమ్మగారికి కూడా గుర్తుండొచ్చు.

కాజీపేట జువాలజీ:

అయ్యా, వాపు మీద పైపైన పూస్తే చల్లగా అనిపిస్తుంది, అంతవరకే. చిట్లిన చర్మం, పుండు, పసిపిల్ల బొడ్డు, వీటికి ఏ మట్టీ తగలనివ్వకూడదు, ధనుర్వాతం తెచ్చే క్రిములు మట్టిలో ఉంటాయి. ఇంట్లో కాన్పు ఉంది కాబట్టి ఇది గట్టిగా చెప్తున్నాను అక్కా.

హన్మకొండ మిద్దెతోట:

అర్థమైంది సార్, అత్తమ్మకు కూడా చదివి వినిపించాను, బొడ్డు సంగతి ఆమె కూడా ఒప్పుకున్నారు. దూలం మీదవి ఉంచుతున్నాం. దర్వాజా పైన ఉన్న గూడు మాత్రం తలుపు వేసినప్పుడల్లా పెళ్లలు రాలుతున్నాయి. దాన్ని పగలకుండా తీసి వేరే చోట పెట్టొచ్చా? మా వాడికి అది బయటకు వచ్చేది చూపించాలని నాకు బాగా ఆశగా ఉంది.

కాజీపేట జువాలజీ:

పెట్టొచ్చు. పల్చటి చాకును గోడకు ఆనించి మెల్లగా తోస్తూ మొత్తం ఒకే పెళ్లగా తీయండి. వెనక వైపు గోడే దానికి గోడ, అంటే తీశాక ఆ వైపు గదులు తెరుచుకుని ఉంటాయి. ఆ వైపు ఒక అట్టముక్కను ఆనించి దారంతో కట్టేయండి. వెడల్పు మూతి గాజు సీసాలో పెట్టి, మూతికి దోమతెర గుడ్డ బిగించి, ఎండ, చీమలు తగలని చోట ఉంచండి. తడపొద్దు. కందిరీగ బయటకు వచ్చిన రోజే గుడ్డ విప్పి వదిలేయండి, దానికి తేనె కావాలి. గూట్లోంచి నల్లది కాకుండా మెరిసే ఆకుపచ్చది వస్తే అది కూడా చూపించండి బాబుకు, ఎవరి గూట్లో ఎవరు పెరిగారో అర్థమవుతుంది.

పరకాల మోటార్ వైండింగ్:

సాకెట్లకు చిన్నపిల్లల కోసం అమ్మే ప్లాస్టిక్ మూతలు కరెంటు సామాను షాపుల్లో దొరుకుతాయి, మీ బాబు వేళ్లకూ భద్రం, కందిరీగకూ దారి ఉండదు. పైపు చివర్లకు కిటికీ దోమల జాలీ ముక్క చుట్టి తీగతో కట్టండి. గుడ్డ కుక్కి మర్చిపోతే మోటార్ వేసినప్పుడు ఇబ్బంది.

చెల్క రైతు, నర్సంపేట:

అక్కా, వాటికి వేరే చోటు చూపిస్తే ఇంటి పొక్కల జోలికి కొంచెం తక్కువ వస్తాయి. మా దగ్గర సన్న వెదురు ముక్కలు జానెడు పొడుగు కోసి కట్ట కట్టి కొట్టం చూరు కింద వాన పడని చోట వేలాడదీశాను, పురుగులు పట్టే రకాలు, సాలీళ్లు పట్టే రకాలు రెండూ వాటిల్లో చేరాయి. మీ నల్లది బయట మట్టితో కట్టుకునేదే, అది వెదురులోకి రాదు, కానీ సాకెట్ పొక్కలు వెతికే రకాలు వస్తాయి. బొంగు లోపలి పొక్క పెన్సిల్ మందం, అంతకన్నా కొంచెం సన్నవి కూడా కలిపి పెట్టండి. ప్రతి ముక్కకు ఒక చివర కణుపు ఉండేలా కోయండి, రెండు వైపులా తెరిచి ఉన్నదాంట్లో అవి దిగవు.